మూడో అంతస్తులో పాత వీధి

నగరం నడిబొడ్డున అరవై అంతస్తుల భవనం లేపుతున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, పైన ఇళ్ళు. అందుకోసం తమ వీధినే కూలుస్తారని తెలిసి కూడా వీధిలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన అంత బాగా మాట్లాడారు.

"ఈ వీధిలో ఏ ఇద్దరినీ విడదీయను," అన్నారు.

దర్జీ ఆవిడకి కావలసింది అదొక్కటే. ఆవిడా, ఆవిడ తోడికోడలూ గోడకి చెరోవైపు ఉంటారు. మధ్యలో చిన్న కిటికీ. ఈవిడ చొక్కా కుట్టి అందిస్తే, తోడికోడలు కాజాలు తీసి, గుండీలు కుట్టి, లోకాన్ని నాలుగు తిట్టి తిరిగిస్తుంది. మొగుళ్ళు పోయాక ఇద్దరికీ మిగిలిన కాపురం అదే.

"అయ్యా, మాకు పక్కపక్కనే ఇవ్వండి. నడుమ కిటికీ ఉండాలి."

"కిటికీ రాసుకోండి," అన్నారు మంత్రిగారు. ప్రాజెక్టు ఆఫీసరు రాసుకున్నాడు.

భవనం లేచింది. పైన ఇళ్ళు పెద్దమనుషులకే చాల్లేదు. అయినా ఆఫీసరు మాట తప్పే మనిషి కాదు. మూడో అంతస్తులో పాత వీధిని ఉన్నదున్నట్టు కట్టించాడు. గోడల పెచ్చులు ఊడగొట్టడానికి విదేశీ నిపుణుణ్ణి రప్పించాడు. 'వారసత్వ అనుభవం' అని బోర్డు పెట్టించాడు. పాతవాళ్ళు పగలంతా అక్కడ పాతవాళ్ళలాగే బతకాలి. చీకటి పడ్డాక ఊరి చివర క్వార్టర్సు. అయితే ముందు ఇంటర్వ్యూ.

దర్జీ ఆవిడ పాసయింది. తోడికోడలు తప్పింది.

"పళ్ళు మరీ బాగున్నాయమ్మా," అన్నాడు ఆఫీసరు.

"పెట్టుడు పళ్ళు బాబూ. తీసేస్తాను."

"అప్పుడు ఓవర్ యాక్షన్ అవుతుంది."

బయటికొచ్చి తోడికోడలు నవ్వింది. "నీ నోటివల్లే చెడతావని అత్త అనేది. ఇదేనేమో."

"నేనూ రానంటానక్కా."

"అంటే క్వార్టర్సూ పోతుంది. కూర్చో. నేను తమ్ముడింటికి పోతాలే."

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు కిటికీని స్వయంగా తెరిచారు. అవతల, జుట్టుకి తెల్లరంగు వేసుకున్న నాటకాల అమ్మాయి. "ఇటివ్వు చెల్లీ," అని గట్టిగా అని, చొక్కా అందుకుని, "గుండీ ఎటువైపు కుట్టాలి ఆంటీ?" అంది మెల్లగా.

దర్జీ ఆవిడ చెప్పబోయి తలెత్తింది. సందర్శకుల వరసలో, అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని తోడికోడలు నిలబడి ఉంది.

"చిక్కిపోయావే," అంది.

దర్జీ ఆవిడ లేవబోయింది. "డ్యూటీలో విజిటర్సుతో మాట్లాడకూడదమ్మా," అన్నాడు ఆఫీసరు. ఆవిడ కూర్చుని మిషను తొక్కింది. సూదిలో దారం లేదు.

తాడు వదలకుండా తోడికోడలు ఏడ్చింది.

మంత్రిగారు చలించిపోయారు. "చూశారా, మన ప్రాజెక్టు సామాన్యుల్ని ఎంతగా కదిలిస్తోందో. ఫోటో తీయండి."

తీశారు.

"పెద్దమ్మా, ముందుకి జరగండి," అంది గైడు. "తర్వాత ఫుడ్ కోర్టు."