ఏత్వం పోయిన కర్నల్

లోకంలో ప్రమాదాలు రెండు రకాలు: రిస్కు ఎక్కువవి, రిస్కు తక్కువవి. మొదటి రకం వస్తే జనం పరుగెత్తుతారు. రెండో రకం వస్తే కమిటీ వేస్తారు.

హిందీ ప్రాంతపు ఇనుప గనుల ఊరు కిరండూల్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసుకు వచ్చింది రెండో రకం. కంప్యూటర్ లోపల అన్నిటి మీదా పెత్తనం చేసే కెర్నెల్ అనే భాగానికి కాస్త బద్ధకం ఉందట. ఒకరు తిన్న కంచం కడక్కుండానే ఇంకొకరికి వడ్డిస్తుంది. దాంతో ముందువాళ్ల సమాచారం మెతుకో రెండు మెతుకులో వెనకవాళ్ల కంటబడతాయి. దానికి మరమ్మతు కూడా కంప్యూటర్లోకి వచ్చేసింది. ఒక్కసారి ఆపి మళ్లీ వేస్తే చాలు.

ఆ పని సుధామణిది. పెళ్లయి నెల కాలేదు కనక ఆమెకు ఏ పనైనా ముద్దుగానే ఉంది. (ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నవ్వొచ్చేది.) శుక్రవారం భర్త ప్రేమ్‌కుమార్‌తో విశాఖ రైలెక్కాలి. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. సొరంగం వచ్చినప్పుడల్లా చెయ్యి పట్టుకుంటానని అతను మాటిచ్చాడు. ఆ దారిలో సొరంగాలకు కొదవ లేదు.

అంతలో పై ఆఫీసు నుంచి హిందీలో ఉత్తర్వు దిగింది. కెర్నెల్‌ను హిందీలో కర్నేల్ అని రాస్తారు. టైపు చేసినవారి చేతిలో ఏత్వం ఊడిపోయి, అది కాస్తా కర్నల్ అయింది. హిందీలో కర్నల్ అంటే మిలటరీ కల్నల్. "కర్నల్ నుంచి సమాచారం కారుతోంది. రిస్కు తక్కువ. కట్టడి చేసేవరకు ఎవరికీ సెలవు లేదు."

"అది కెర్నెల్ సార్. కంప్యూటర్లో ఉంటుంది," అంది సుధామణి.

సమాచార కారుడు నిరోధక ప్రత్యేకాధికారి చక్రధరరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "కంప్యూటర్లో కల్నల్ ఎలా పడతాడమ్మా? కొత్త పెళ్లికూతురివి, పరధ్యానంలో ఉన్నావు."

"ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే అయిపోతుంది సార్!"

"ముందు మనిషి దొరకనీ. తర్వాత రీస్టార్ట్ చేద్దాం, అతన్ని."

కమిటీ వెతికింది. కంపెనీలో కల్నల్ పోస్టే లేదని తేలింది. (లేని పోస్టు నుంచి ఏం కారుతుందని ఒక సభ్యుడు అడిగాడు. అతన్ని కమిటీ నుంచి తప్పించారు.) గురువారం కల్నల్ దొరికాడు. గేటు వాచ్‌మన్ రాంప్రసాద్. చెవులదాకా మీసాలు. కాలనీ అంతా అతన్ని 'కర్నల్ సాబ్' అనే పిలుస్తుంది.

"బయటివాళ్లకు ఏమైనా చెప్పావా?" అని చక్రధరరావు గద్దించాడు.

"హా సాబ్, చెప్పిన. మన సుధా బిటియా మొదటిసారి సముందర్ చూడబోతున్నదని చాయ్ కొట్టు కాడ అందరికీ చెప్పిన. ఖుషీ కబురు గదా!"

నేరం రుజువైంది. రిస్కు కూడా, ఉత్తర్వులో రాసినట్టే, తక్కువ.

"ఆయన తప్పేం లేదు సార్! ఆ సంగతి నేనే ఊరంతా చెప్పుకున్నాను," అంది సుధామణి.

"అయితే ఫైలు తెరిచే ఉంచి, నీ సెలవు ఆపమంటావా?"

ఆమె నోరు తెరిచింది. రేపటి రైలు గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

రాంప్రసాద్ విజిల్ జప్తు చేసి, గేటు దగ్గర నోరు విప్పరాదని ఆజ్ఞాపించారు. లీకు మూసుకుందని రాసి ఫైలు మూసేశారు. దొరికిన నేరస్థుణ్ని కాదని కంప్యూటర్‌ను ముట్టుకోవడం శాఖాపరమైన అవిధేయత అని సుధామణికి మౌఖికంగా తెలియజేశారు.

శుక్రవారం పెట్టెతో గేటు దాటుతుంటే రాంప్రసాద్ మాట్లాడలేదు. చేత్తో గాలిలో అలలు గీసి చూపించి, సెల్యూట్ కొట్టాడు.

కంప్యూటర్ మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇప్పటికీ చెబుతూనే ఉంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు. దానికి మీసాలు లేవు.