బొరుగుల కింద కిరీటం

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు విజయదశమి నాడు ఆళ్లగడ్డ మహానందయ్య శెట్టి పొద్దున్నే అనుకున్న పని చాలా సులభమైనది. తలంటుకోవాలి, ఉగ్గాని తినాలి, నంద్యాలకు పోయి అమ్మవారి మెరవణి చూడాలి. పోతూ పోతూ అమ్మవారి కిరీటం కూడా పట్టుకుపోవాలి.

నంద్యాల అమ్మవారికి బంగారు పూత పూసిన ఆ వెండి కిరీటాన్ని పూర్వం ఎప్పుడో చేయించింది ఆళ్లగడ్డ వైశ్యులు. అందుకని ఏడాది పొడుగునా అది ఆళ్లగడ్డలోనే, వంతు ప్రకారం ఒకరింట్లో ఉంటుంది. దసరా నాడు మాత్రం నంద్యాలకు పోయి అమ్మవారి తలకెక్కుతుంది. అది తలకెక్కనిదే అమ్మవారు గుడి గడప దాటరు, ఊళ్లో మెరవణి కదలదు. ఆ ఏడు వంతు మహానందయ్యది. వైశ్య సంఘంలో కొందరు నసిగారు గానీ, "అందరినీ అనుమానించేవాడికంటే మంచి కాపలా ఎవుడు దొరుకుతాడు?" అని పెద్దలు సర్దిచెప్పారు. నిజానికి మహానందయ్య తన నీడను కూడా పూర్తిగా నమ్మేవాడు కాదు. మబ్బు పట్టినప్పుడు అది ఎక్కడికి పోతుందో ఆయనకు అంతుబట్టేది కాదు.

కిరీటానికి ఏమైనా అయితే నాయన కాలం నుంచీ అంగడికున్న మంచిపేరు గంగలో కలుస్తుంది. ఆ భయంతో ఆయనకు నవరాత్రులంతా నిద్ర లేదు. పైగా కిరీటం పోయే పద్ధతి ఆయనకు బొత్తిగా నచ్చలేదు. నగిషీలు చెక్కిన కొయ్యపెట్టె, దానికి పూలదండ, జీపు, ముందర మేళం! ఇది దొంగలకు శుభలేఖ అచ్చేయించి పంచడం గాక మరేమిటి?

అందుకే తలుపులన్నీ వేసుకుని, పెట్టెలో కిరీటం బదులు పండక్కి తెచ్చిన గుమ్మడికాయ పెట్టి తాళం వేశాడు. కిరీటాన్ని పాత పంచెలో చుట్టి రేకు డబ్బా అడుగున పెట్టి, దానిమీద నిండా బొరుగులు పోశాడు. పెట్టె జీపులో ఊరేగుతూ పోతుంది, దొంగల కళ్లన్నీ దానిమీదే ఉంటాయి. తను ముందు బస్సులో డబ్బాతో చేరిపోయి, గుడిలో అందరి ముందు కిరీటం తీసి చూపిస్తాడు. ఔరా అని అందరూ ముక్కున వేలేసుకుంటారు. ఈ ఎత్తు సంఘంలో ఎవరికీ చెప్పలేదు. భార్య కన్యకమ్మకు అసలే చెప్పలేదు.

"జీపులో నువ్వు పో. నేను బస్సులో పోతా," అన్నాడు, పెట్టె ఆమె ఒళ్లో పెడుతూ.

"జీపు పెట్టుకోని బస్సేందీ? ఏందో దాస్తాండావ్ నువ్వు."

"అడ్డమైన ప్రశ్నలు ఎయ్యొద్దు. పెట్టె ఒళ్లోనుంచి దించొద్దు."

"ఇంత బరువుండాదేందీ?"

"అమ్మవారి మహిమ," అన్నాడు మహానందయ్య. కన్యకమ్మ గుమ్మడికాయను కళ్లకద్దుకుంది.

పండగ బస్సు పై ఊళ్ల జనంతో కిక్కిరిసి ఉంది. ఉన్న ఒక్క ఖాళీ సీటులో, సరిగ్గా మహానందయ్య పక్కనే, ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఇంత బస్సులో నా పక్కనే ఎందుకు కూర్చోవాలి, అని మహానందయ్యకు అప్పుడే గుబులు పుట్టింది. ఆ మనిషి పేరు సుందరరాజు, మిషను బడిలో అయ్యవారు; మహానందయ్యను అంగట్లో చూసి శెట్టి అని తప్ప పేరు ఎరగడు. చర్చికి తప్పకుండా పోతాడు, నంద్యాల దసరా మెరవణికీ తప్పకుండా పోతాడు. మనుషులంటే ప్రాణం, మాటలంటే మరీ ప్రాణం.

"ఏం శెట్టీ, డబ్బాలో ఏముండాది?"

"బొరుగులు."

"నంద్యాలలో బొరుగులు దొరకవా ఏంది?"

"ఆళ్లగడ్డ బొరుగుల రుచే వేరు."

"అట్లనా! నేను పుట్టినప్పటి నుంచి ఆడనే ఉండా, నాకు తెలీనే లేదే," అని సుందరరాజు ఆశ్చర్యపోయాడు. వివరాలు రాబడుతున్నాడు, అనుకుని మహానందయ్య డబ్బాను ఒళ్లోకి లాక్కుని మూతమీద రెండు మోచేతులూ ఆనించాడు.

శిరివెళ్లలో బస్సు ఎందుకో చాలాసేపు ఆగింది. కిటికీలోంచి చూస్తుండగానే జీపు మేళంతో సహా దాటిపోయింది. పెట్టె ఒళ్లో పెట్టుకున్న కన్యకమ్మ మహారాణిలా కనిపించింది. మహానందయ్య సీట్లోంచి సగం లేచాడు. ముందు చేరాల్సింది తను! అయినా ఎంతసేపు, వెనకాలే పోతాం కదా అని సర్దిచెప్పుకున్నాడు.

నంద్యాల పొలిమేరలో నూనెపల్లె దగ్గర రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. అమ్మవారి పెట్టె కాబట్టి జీపును పోనిచ్చారు, బస్సును ఆపేశారు. ముందర బేతంచెర్ల బండలేసుకున్న లారీలు, వెనక జట్కాలు, ఎద్దులబండ్లు, నడుమ రిక్షాలు. మెరవణి గాంధీ చౌకు దాటేదాకా ఏ బండీ ఊళ్లోకి పోకూడదట.

"ఎంతసేపప్పా?" అని మహానందయ్య కండక్టరును అడిగాడు.

"అమ్మవారు లేసినప్పుడు."

డబ్బా ఎత్తుకుని నడిచిపోదామా అనుకున్నాడు గానీ ఆ గుంపును చూసి కాళ్లు రాలేదు. దసరా గుంపులో జేబుదొంగలు ఉంటారు. బస్సులో అయితే పక్కనున్న ఒక్క సుందరరాజును కనిపెట్టుకుంటే చాలు. కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చి, అటువైపు వాలింది. మేళం చప్పుడు లేదు, టపాకాయ లేదు. బస్సులో జనానికి ఆకలి మొదలైంది.

"శెట్టీ, పండగపూట పస్తుండాం. ఓ పిడికెడు బొరుగులు పెట్టప్పా," అంది ముందు సీటు ముసలమ్మ ఆదెమ్మ.

లేదంటే అనుమానం వస్తుంది, పెడితే డబ్బా తగ్గుతుంది. మహానందయ్య చేతికి వచ్చినన్ని తీసి పోశాడు. అదే ఆయన చేసిన తప్పు. వెనక సీటువాళ్లు చెయ్యి చాపారు. నిలబడ్డవాళ్లు తువ్వాళ్లు పట్టారు. "ధర్మాత్ముడప్పా!" అన్నారు. ఆళ్లగడ్డ బజారులో ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు అంతవరకూ లేరు, వినడానికి బాగానే ఉంది గానీ డబ్బాలో బొరుగులు సగానికి దిగాయి. సుందరరాజు కూడా రెండుసార్లు తీసుకుని, "నిజమే శెట్టీ, రుచి వేరే," అన్నాడు.

అంతలో ఊళ్లోనుంచి ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు.

"మెరవణి యాడిదాకా వచ్చిందన్నా?"

"యాడిదాకా వచ్చేది! అమ్మవారు గుళ్లోనే ఉండాది. ఆళ్లగడ్డ పెట్టె తెరిస్తే కిరీటం లేదంట. గుమ్మడికాయ ఉండాదంట!"

బస్సు గొల్లుమంది.

"ఎవుడో మహానందయ్య శెట్టంట. పెండ్లాం చేతికి గుమ్మడికాయిచ్చి, కిరీటం ఎత్తుకోని పారిపొయ్‌నాడంట. వాడు దొరికేదాకా మెరవణి లేదు, మీ బస్సూ లేదు."

"వాని ఇల్లు పాడుగాను!" అంది ఆదెమ్మ, నోటినిండా వాని బొరుగులతోనే. "అమ్మవారి సొమ్ము తిని అరిగించుకుంటాడా?"

"ఈపాటికి గుంటూరు రైలెక్కింటాడులే," అన్నాడు కండక్టరు.

మహానందయ్యకు అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ ఆయన తిట్టుకున్న ఈ తాడు, ఈ లారీలు, ఈ ఆగిన బండ్లన్నీ తన కోసమే ఆగాయి. కిరీటం రాలేదని మెరవణి ఆగింది, మెరవణి ఆగిందని బస్సు ఆగింది, బస్సు ఆగిందని కిరీటం పోలేదు. లేచి నిలబడి, నేనే ఆ మహానందయ్యను, ఇదిగో కిరీటం అని చెప్పేస్తే సరిపోయేది. కానీ దొంగతనం చేయలేదు, దొంగలకు భయపడి దాచాను అంటే ఎవరు నమ్ముతారు? తనైతే నమ్మడు.

"ఛీ, ఏం మనుషులప్పా!" అన్నాడు, అందరితో పాటు.

"ఏం శెట్టీ, ముకం అట్ల చెమట్లు పడ్తాండాది?" అని సుందరరాజు విసనకర్ర లేక తన పై పంచెతో విసిరాడు. మహానందయ్య అటు తిరిగి ఉక్కపోత అనబోతుండగా ఆదెమ్మ తానే డబ్బాలో చెయ్యి పెట్టేసింది.

"అడుగున ఏందో గట్టిగా తగుల్తాండాదే!"

అంతే. మహానందయ్య డబ్బా చంకన పెట్టుకుని, ఇద్దరిని తొక్కి, బస్సులోంచి దూకాడు. భుజం మీది కండువా సీటు కమ్మీకి చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. మంచి జరీ కండువా. సుందరరాజు ఊరుకునే మనిషా? కండువా పట్టుకుని వెనకాలే దూకాడు.

"శెట్టీ! ఓ శెట్టీ! ఆగప్పా! ఇడిసిపెట్టి పోతాండావ్!"

చూశావా, మొదటినుంచీ వీడు నా వెంటే పడ్డాడు, అనుకుని మహానందయ్య ఇంకా వేగంగా పరిగెత్తాడు. డబ్బా చంకన పెట్టుకుని ఒకడు పరిగెడుతుంటే, వెనకాల ఒకడు ఆగు ఆగు అని తరుముతుంటే, జనం ఏమనుకుంటారు? "దొంగ! పట్టుకోండి!" అన్నారు. తాడు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు కొండయ్య అడ్డంగా చెయ్యి పెట్టాడు. మహానందయ్య పడ్డాడు, డబ్బా దొర్లింది, బొరుగులు చెల్లాచెదురయ్యాయి. పంచె విడిపోయి కిరీటం ఎండలో ధగధగా మెరిసింది. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టారు, తరువాత మహానందయ్య వైపు చూశారు.

"అది నాదే సామీ... అంటే నాది కాదు, అమ్మవారిది," అన్నాడు మహానందయ్య.

"మేమూ అదే అంటాండాం," అని కొండయ్య ఆయన చొక్కా కాలరు పట్టుకుని లేపాడు.

"దొంగ దొరికినాడు! దావ ఇడ్సండి!" అని ఒక్క కేక వేసేసరికి అంతవరకూ కదలని లారీలు పక్కకు జరిగాయి, ఎద్దుల్ని వెనక్కు తోశారు, రిక్షాలు సందుల్లోకి దూరాయి. ఆ రోజు నంద్యాలలో ఏ పెద్దమనిషికీ దొరకని దారి మహానందయ్యకు దొరికింది. ఒక పక్క కాలరు పట్టుకుని కొండయ్య, ఇంకోపక్క కిరీటాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి, సాక్షిగా దాన్ని మోస్తూ సుందరరాజు. డబ్బా సొట్టపడి అడుగు చీలింది, మిగిలిన బొరుగులు దారిపొడుగునా రాలుతున్నాయి. శవం ముందర తప్ప రోడ్డుమీద బొరుగులు చల్లరు గనక మిద్దెమీదనుంచి ఒక పెద్దామె వంగి, "ఎవురు పొయ్‌నారప్పా?" అని అడిగింది.

"ఎవురూ పోలేదమ్మా, దొరికినారు," అన్నాడు సుందరరాజు మర్యాదగా. అవమానంతో కళ్లనీళ్లు తిరుగుతున్నా మహానందయ్య అడుగడుగునా డబ్బా వైపే చూస్తున్నాడు.

"అయ్యవారూ, రెండు చేతులా పట్టుకో. ఆ చీలిక పక్క చెయ్యి అడ్డంబెట్టు."

గుడి దగ్గర సంఘం పెద్ద ఈశ్వరయ్య, చుట్టూ సగం నంద్యాల. మెట్లమీద గుమ్మడికాయ పక్కన కన్యకమ్మ, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి కూర్చుంది. భర్తను చూడగానే లేచింది.

"చచ్చినావేమో అనుకుంటి! నాకన్నా ఒక మాట చెప్పకూడదా?"

"నీకు చెప్తే..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి మహానందయ్య మింగేశాడు. జరిగిందంతా ఏడుస్తూనే చెప్పాడు. సుందరరాజు డబ్బాలోని కిరీటాన్ని తీసి పూజారికి అందించి, కండువాను మహానందయ్య భుజాన వేశాడు. "దీనికోసం గదప్పా నీ వెంట పరిగెత్తింది." మహానందయ్య కండువా తనదేనా అని అంచు తిప్పి చూసుకున్నాడు.

కిరీటం తలకెక్కింది. మేళం మోగింది, టపాకాయలు పేలాయి, అమ్మవారు గడప దాటారు. ఈశ్వరయ్య మహానందయ్య మెడలో దండ వేసి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, పూలతో అలంకరించిన ట్రాక్టరు మీద సరిగ్గా అమ్మవారి పాదాల దగ్గర కూర్చోబెట్టాడు. పక్కన కన్యకమ్మను కూర్చోబెట్టాడు. గాంధీ చౌకులో జనం కొట్టిన కేకలకు మహానందయ్య ఒళ్లు పులకరించింది. నాయన పేరు నిలిచింది, అంగడి మాట దక్కింది. రెండు చేతులూ ఎత్తి మిద్దెలమీద జనానికి దండాలు పెట్టాడు.

"చూసినావా, ఎంత మర్యాద చేస్తాండారో!" అన్నాడు భార్యతో.

"మర్యాద యాడిది? కంసలాచారి మెరవణి అయినాక వచ్చి, ఇది అసలు కిరీటమేనా అని గీటురాయి మీద గీచి చూస్తాడంట. అంతదాకా నువ్వు కండ్లముందరే ఉండల్లని ఈడ కూచోబెట్టినారు. నన్ను నీకు కాపలా పెట్టినారు."

మహానందయ్య చేతులు మెల్లగా దిగాయి. వెనక్కు తిరిగి చూశాడు. కన్యకమ్మ వీపుకు ఆనుకుని దిట్టమైన మనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"వీళ్లెవురు?"

"నాకు కాపలా," అంది కన్యకమ్మ.