విశాఖ నివాసంపై తొమ్మిది పేజీల నివేదిక

1983 అక్టోబరు 15, శనివారం సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, పార్సిప్పనీలో ఒక హైస్కూలు కెఫెటీరియాలో సమావేశమైన ముప్పై ఒక్క తెలుగు కుటుంబాలు, అయిదేళ్లలోగా మాతృదేశానికి తిరిగి వెళ్లిపోవాలని చేతులెత్తి తీర్మానించాయి. తీర్మానం తరవాత పులిహోర వడ్డించారు.

ఇటువంటి తీర్మానాల్లో ఇది ఎనిమిదోది. మొదటిది 1976 దసరాకు చేశారు. దాని గడువు 1981లో ముగిసింది. దాని మీద సంతకాలు పెట్టినవారిలో పదముగ్గురు ఆ ఏడాదే అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, తొమ్మిది మంది ఇళ్లు కొన్నారు. గడువు సంగతి ఎవరూ ఎత్తలేదు. తీర్మానం ఏటా కొత్తగా చేస్తారు కాబట్టి అయిదేళ్లు కూడా ఏటా కొత్తగా మొదలవుతాయి. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది కలిగిన దాఖలా లేదు.

ఈసారి ఒక పొరపాటు జరిగింది. సంఘాధ్యక్షులు జగదీష్ గారు తాము పనిచేసే ఇంజనీరింగ్ కంపెనీ డైరెక్టరు హెరాల్డ్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ముఖ్య అతిథి స్థానంలో అమెరికన్ లేని సభను సభగా లెక్కించే అలవాటు సంఘానికి లేదు. పైగా కంపెనీలో ఆసియా విభాగం మేనేజరు కుర్చీ ఖాళీ అయి రెండు నెలలైంది. జగదీష్ గారికి ఆ కుర్చీ మీద ఆశ ఉన్న సంగతి ముప్పై ఒక్క కుటుంబాలకూ తెలుసు. వచ్చిన పెద్దమనిషికి తెలుగు రాదు కాబట్టి, తీర్మానాన్నీ అధ్యక్షోపన్యాసాన్నీ ఇంగ్లీషులోకి మార్చి, టైపు చేయించి, సంతకాలతో సహా ఆయన పళ్లెం పక్కన పెట్టారు. గత ఏడు తీర్మానాలనూ ఎవరూ ఇంగ్లీషులోకి మార్చలేదు.

అధ్యక్షోపన్యాసంలో ఈ వాక్యాలు ఉన్నాయి: "సోదర సోదరీమణులారా! ఈ డాలర్లు, ఈ కార్లు, ఈ సెంట్రల్ హీటింగు మనకు గడ్డిపోచతో సమానం. నా శరీరం పార్సిప్పనీలో ఉంది. నా మనసు విశాఖ సముద్రపు ఒడ్డున ఉంది. అవకాశం అంటూ వస్తే రేపే విమానం ఎక్కుతాను!"

హెరాల్డ్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. తరవాత ఆయనకు శాలువా కప్పారు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన జగదీష్ గారిని తన గదికి పిలిపించారు.

"నీకు ఇంత బాధ ఉందని నాకు తెలియనే తెలియదు జగదీష్. పన్నెండేళ్లుగా ఒక్క మాటైనా అన్నావు కాదు."

"పెద్ద బాధేం కాదండీ."

"కాకపోవడమేమిటి? అంతా చదివాను." హెరాల్డ్ గారు కాగితం తీసి బల్ల మీద పెట్టారు. "విశాఖపట్నం రేవు పక్కన బొగ్గు మోసే కన్వేయరు కట్టే పని మనకి వచ్చింది. అక్కడ మూడేళ్లు ఉండి చూసుకునే మనిషి కోసం నాలుగు నెలలుగా వెతుకుతున్నాను. పదకొండు మందిని అడిగాను, పదకొండు మందీ కాదన్నారు. మనిషేమో రెండు గదుల అవతలే ఉన్నాడు!"

జగదీష్ గారు కుర్చీలో కూర్చున్నారు. అప్పటిదాకా నిలబడే ఉన్నారు.

"ఈ నెలాఖరు సోమవారం సాయంత్రం అయిదింటికల్లా నీ జవాబు రాసివ్వు. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. ఆసియా విభాగం కుర్చీ ఈ పని ఒప్పుకున్నవాళ్లకే. వాళ్లు తిరిగొచ్చేదాకా ఖాళీగా ఉంచుతాను."

వెళతానంటే మూడేళ్లు విశాఖపట్నం. వెళ్లనంటే కుర్చీ లేదు, పైగా సంతకం చేసిన కాగితం డైరెక్టరు బల్ల మీద ఉంది. జగదీష్ గారు ఇలాంటి సమయంలో తెలుగువారు ఏం చేస్తారో అదే చేశారు. కమిటీ వేశారు.

విశాఖ నివాస సాధకబాధకాల పరిశీలక సంఘం అక్టోబరు 22, శనివారం ఉదయం పదకొండింటికి జగదీష్ గారి ఇంటి బేస్‌మెంటులో సమావేశమైంది. సభ్యులు నలుగురు: జగదీష్, భాస్కర్, గోపాల్, సత్యానందం. నలుగురూ కోస్తా జిల్లాలవారే. వారిలో ఆఖరున ఇండియా వదిలిన సభ్యుడు 1972లో వదిలారు. అందుచేత వారి అభిప్రాయాలకు నిపుణుల అభిప్రాయాలుగా హోదా ఇచ్చారు. ఒక పెద్ద కాగితం మధ్య గీత గీసి, ఎడమవైపు సాధకాలు, కుడివైపు బాధకాలు అని రాశారు.

మొదట సముద్రాన్ని సాధకాల్లో రాశారు. భాస్కర్ గారు లేచి తుపాను సంగతి గుర్తు చేయడంతో దాన్ని బాధకాల్లోకి మార్చారు. నలభై నిమిషాల చర్చ తరవాత సముద్రాన్ని రెండుగా విభజించి, సాయంత్రపు గాలిని ఎడమవైపు, తుపాను గాలిని కుడివైపు ఉంచారు. పనిమనిషి దొరకడం సాధకం. ఆమె రాని రోజు బాధకం. ట్రంక్‌కాల్ కలవడానికి సగం రోజు పట్టడం బాధకమని అందరూ ఒప్పుకున్నారు. కాని అవతల న్యూజెర్సీ ఆఫీసు వాళ్లకీ అంతే పడుతుందని గోపాల్ గారు చెప్పాక దాన్ని ఎడమవైపు కూడా రాశారు. బంధువులు దగ్గరగా ఉండడం అనే అంశం నాలుగుసార్లు అటూ ఇటూ మారింది. చివరికి దాన్ని గీత మీదే రాశారు.

పిల్లలకు తెలుగు రావడం అనే అంశం మీద మాత్రం భేదాభిప్రాయం రాలేదు. దాన్ని బాధకాల్లో చేర్చారు. కారణాన్ని కూడా నమోదు చేశారు: "పిల్లలకు తెలుగు వస్తే, వాళ్ల ముందు మనం మాట్లాడుకోవడానికి వేరే భాష లేదు."

1978 సెలవుల్లో విశాఖ వెళ్లినప్పుడు భాస్కర్ గారికి నాలుగు రోజులు కడుపు బాగోలేదు. ఆ వివరాలను అనుబంధంగా జతచేశారు. అది రెండు పేజీలు వచ్చింది.

సత్యానందం గారు కమిటీలో పెద్దవారు. భీమునిపట్నం మనిషి, వృత్తిరీత్యా కెమిస్టు, ఆదివారాలు తమ ఇంట్లో తెలుగు ప్రార్థన కూటం నడుపుతారు. ఆయన అప్పటిదాకా పకోడీలు తిన్నారు.

"ఏమోయ్ జగదీషూ, రేపే విమానం ఎక్కుతానన్నావుగా? ఆ రేపు వెళ్లి ఇవాళ్టికి ఆరు రోజులు."

"అన్నయ్యగారూ, అది స్పీచ్ అండీ. స్పీచ్‌లో అన్నవన్నీ పట్టుకుంటే ఎలా?"

"నేను పట్టుకోలేదు నాయనా. మీ బాసు పట్టుకున్నాడు."

జగదీష్ గారి భార్య శశికళ గారు కాఫీ తెచ్చారు. ఆమె ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ చదివారు. భర్త పనిచేసే కంపెనీలోనే, మూడంతస్తుల కింద డ్రాఫ్టింగ్ సెక్షన్‌లో ఆరేళ్లుగా డ్రాయింగులు గీస్తున్నారు. విశాఖ కన్వేయరు పునాదుల డ్రాయింగులు ఆమె గీసినవే. రేవు పక్క నేల ఎక్కడ బురదో, ఎంత లోతున రాయి తగులుతుందో కంపెనీలో చూడకుండా చెప్పగలిగింది ఆమె ఒక్కరే. కమిటీలో ఆమెకు స్థానం లేదు. తీర్మానం మీద ఆమె సంతకం కూడా లేదు. సంఘం నిబంధనల ప్రకారం ఇంటికి సంతకం ఒకటే.

"నాకు వెళ్లాలనుంది. అది ఏ వైపు రాస్తారు?" అన్నారు ఆమె, కప్పులు బల్ల మీద పెడుతూ.

"శశీ, ఒక్క నిమిషం. సీరియస్ డిస్కషన్ జరుగుతోంది."

కమిటీ ఆ అంశాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేసింది. తదుపరి సమావేశం తేదీ నిర్ణయించలేదు.

ఎనిమిదేళ్ల మీనా మెట్ల మీద కూర్చుని అంతా విన్నది. "డాడీ, నువ్వు అక్కడే కదా పుట్టావు? మరి వై ఆర్ యూ స్కేర్డ్?" అని అడిగింది. దీన్ని కమిటీ నమోదు చేయలేదు. నివేదిక తొమ్మిది పేజీలు వచ్చింది. అందులో సాధకాలు పేజీన్నర. ఆదివారం శశికళ గారు టైపు చేశారు.

విదేశానికి పంపే ప్రతి ఉద్యోగికీ, వారి జీవిత భాగస్వామికీ కంపెనీ ముందుగా శిక్షణ ఇస్తుంది. పుట్టిన ఊరికి పంపేటప్పుడు శిక్షణ అక్కర్లేదని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆ ప్రకారం అక్టోబరు 26, 27 తేదీల్లో విశాఖపట్నంలో ఎలా జీవించాలో జగదీష్, శశికళ దంపతులకు నేర్పారు. నేర్పినది డోరిస్ గారు. ఆమె విశాఖ చూడలేదు. ఆసియాలోనే మరో దేశంలో, మరో సముద్రతీర నగరంలో పద్నాలుగు నెలలు ఉన్నారు. సముద్రం ఉన్న ఊళ్లన్నింటికీ ఒకే సిలబస్.

నమస్కారం పెట్టడంలో జగదీష్ గారి చేతులు రెండంగుళాలు కిందికి ఉన్నాయని డోరిస్ గారు సరిదిద్దారు. చేత్తో అన్నం తినే ప్రాక్టికల్ పరీక్షలో ఆయన చెంచా అడిగారు. పన్నెండేళ్లుగా ఆఫీసు క్యాంటీన్ అలవాటు అని సంజాయిషీ ఇచ్చారు. రాతపరీక్ష నలభై మార్కులకు. ఇంట్లో కరెంటు పోతే ముందుగా ఏం చేయాలన్నది ఏడో ప్రశ్న. పవర్ కంపెనీకి ఫోన్ చేయాలని జగదీష్ గారు రాశారు. బయటికి వచ్చి పక్కింట్లో కూడా పోయిందో లేదో చూడాలని, పోతే నిశ్చింతగా కూర్చోవచ్చని శశికళ గారు రాశారు. డోరిస్ గారు ఈ జవాబును తన నోటు పుస్తకంలో ఎక్కించుకున్నారు.

పాస్ మార్కులు ఇరవై ఎనిమిది. జగదీష్ గారికి ఇరవై అయిదు వచ్చాయి. శశికళ గారికి ముప్పై ఎనిమిది.

ఫెయిలయిన సంగతి తెలిసి జగదీష్ గారు దారిలో కారాపి ఐస్‌క్రీమ్ కొన్నారు. ముగ్గురికీ కొన్నారు. "నేను రెడీ. కంపెనీ రూల్ ఒప్పుకోవట్లేదు. నేనేం చెయ్యను?" అని రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు అన్నారు.

"మార్కులు ఎవరెవరివి పంపుతారు?" అని శశికళ గారు అడిగారు.

"ఇద్దరివీ పంపుతారు. ఏం?"

"ఏం లేదు. పప్పు వేసుకోండి."

అక్టోబరు 31, సోమవారం సాయంత్రం నాలుగు గంటల అయిదు నిమిషాలకు జగదీష్ గారు తమ జవాబును హెరాల్డ్ గారికి అందజేశారు. మాతృభూమి పిలుపుకు తాను ప్రతిక్షణం సిద్ధంగా ఉన్నప్పటికీ, కంపెనీ నిబంధనలను శిరసావహించడం తన ధర్మమని అందులో రాశారు. తొమ్మిది పేజీల నివేదికను జతపరిచారు. ఈ ఊరికి ఎవరినీ పంపకపోవడం మంచిదని సంఘం అభిప్రాయమని నోటితో చెప్పారు.

హెరాల్డ్ గారు మార్కుల జాబితా ముందు పెట్టుకున్నారు.

"పాపం జగదీష్. నిన్ను పంపాలని నాకూ ఉంది, కాని మూడు మార్కులు తక్కువ. సరే. ఇక్కడ ముప్పై ఎనిమిది వచ్చిన ఈ శశికళ ఎవరు?"

"మా ఆవిడండీ. స్పౌజ్ కోటాలో రాసింది."

"డ్రాఫ్టింగ్ సెక్షన్ నుంచి కూడా ఇదే పేరు వచ్చింది. అక్కడి నేల సంగతి ఎవరికి తెలుసని అడిగితే ఈమెకే అన్నారు. ఇద్దరూ ఒకరేనా?"

జగదీష్ గారు ఒకరే అని ఒప్పుకున్నారు.

"మరి నాకు ఎవరూ చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదండీ."

శశికళ గారు మూడంతస్తులు మెట్లెక్కి వచ్చారు. లిఫ్టు కోసం ఆగలేదు. హెరాల్డ్ గారు పని వివరించారు. కుర్చీ సంగతి కూడా చెప్పారు. భర్తతో సంప్రదించుకోవడానికి ఎన్నాళ్లు కావాలని అడిగారు.

"ఆయన అభిప్రాయం మీ బల్ల మీదే ఉందండీ. టైపు చేసింది నేనే. అందులో నాకు తెలియనిదంటూ లేదు. ఎప్పుడు బయల్దేరాలి?"

అప్పటికి నాలుగు గంటల ముప్పై రెండు నిమిషాలు. గడువుకు ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు ఉన్నాయి.

ఆ సాయంత్రం జగదీష్ గారు ఇంటి ముందు కారాపి, "నా భోజనం సంగతి?" అన్నారు.

"రెండో పేజీలో రాశారుగా, అక్కడ పనిమనుషులు దొరుకుతారని. ఇక్కడ ఉంటానంటే మాత్రం మీరే వండుకోవాలి. మీ ఇష్టం."

మీనా తల్లితో వెళతానన్నది. జగదీష్ గారు నవంబరులో రెండు వారాలు వంటింటి పరిస్థితిని స్వయంగా పరిశీలించారు. తరవాత ఉద్యోగానికి రాజీనామా చేశారు. కమిటీని మళ్లీ సమావేశపరిచారు. నివేదిక ఉన్నది ఉన్నట్టే ఉంచి, పైన ఉన్న సాధకాలు, బాధకాలు అన్న శీర్షికలను మాత్రం ఒకదాని చోట ఒకటి పెట్టి ఏకగ్రీవంగా ఆమోదించారు. భాస్కర్ గారి కడుపుకు సంబంధించిన అనుబంధం ఆ విధంగా సాధకాల్లోకి చేరింది.

డిసెంబరు 17, శనివారం సంఘం జగదీష్ గారికి వీడ్కోలు సన్మానం చేసింది. తీర్మానాన్ని అమలులో పెట్టిన తొలి సభ్యుడిగా ఆయనకు శాలువా కప్పారు. "ఉద్యోగం వదిలాను! హోదా వదిలాను! జీతం వదిలాను! ఒక మహత్తర బాధ్యత వెంట మాతృభూమికి నడుస్తున్నాను!" అని ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ ప్రసంగంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మహత్తర బాధ్యత ఆ సమయంలో ఆఫీసులో ఉంది. శనివారం కూడా పనిచేయవలసి వచ్చింది.

"తమ్ముడూ, శాలువా జాగ్రత్తగా దాచుకో. అక్కడ ఎండకి పనికిరాదు గాని, ఏం చేస్తున్నావని అడిగినవాళ్లకి చూపించవచ్చు," అన్నారు సత్యానందం గారు. ఆయన భార్య కరుణమ్మ గారు ప్రయాణం కోసం ఒక సీసా ఊరగాయ ఇచ్చారు. న్యూజెర్సీ నుంచి విశాఖకు ఊరగాయ వెళ్లడం సంఘం చరిత్రలో అదే మొదటిసారి.

1984 జనవరి 9, సోమవారం ఉదయం జగదీష్ గారు న్యూయార్క్‌లో భారత కాన్సులేటు వీసా కిటికీ ముందు నిలబడ్డారు. అమెరికా పౌరుడు కాబట్టి విశాఖలో మూడేళ్లు ఉండడానికి ఆయనకు వీసా కావాలి. దరఖాస్తులో వృత్తి అన్న గడిలో ఇంజనీరు అని రాశారు.

"అక్కడ మీకు ఉద్యోగం ఉందా?" అని గుమాస్తా అడిగాడు.

"మా ఆవిడకి ఉంది."

"మీకు?"

"నేను వెంట వెళుతున్నాను."

గుమాస్తా ఇంజనీరు అన్న మాట కొట్టేసి, పైన 'ఏమీ లేదు' అని రాసి, సంతకం చేయమని కాగితం తిప్పి ఇచ్చాడు. జగదీష్ గారు సంతకం చేశారు.

శశికళ గారి అమెరికా ప్రయాణం దరఖాస్తు 1974 మార్చి నాటిది. దాని నకలు ఇంటి ఫైల్లో ఉంది. నింపినవారు జగదీష్ గారు. అప్పటికి శశికళ గారు భూగర్భజల శాఖలో ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది. వృత్తి అన్న గడిలో 'ఏమీ లేదు' అని ఉంది. చేతిరాత ఆయనదే.