మూడువేల పెంకుపురుగుల కిడ్నాప్ కేసు

"ఈ విస్కాన్సిన్‌లో నేరస్థుడికి రెండే దారులు. లొంగిపోవడం, లేదా నాకు దొరికిపోవడం!"

ఇలా ప్రకటించి, ఠీవిగా ఒకడుగు వెనక్కేసి, ఆర్విడ్ తన చెల్లెలి నీళ్ళతొట్టిలో కూలబడ్డాడు.

థోరా నవ్వే స్థితిలో లేదు. ఊరి చిత్తడి నేలను కమ్మేసిన ఊదాపూల కలుపును తినే పెంకుపురుగుల్ని రెండు నెలలుగా పెంచుతోంది. అదే కలుపును ఏడు కుండీల్లో నాటి, వాటిని నీళ్ళతొట్టిలో నిలబెట్టి, మొక్కమొక్కకీ వల సంచి తొడిగి, కన్నబిడ్డల్లా సాకింది. రేపు పొద్దున వాలంటీర్లందరి ముందూ వాటిని చిత్తడిలో వదలాలి. తీరా చూస్తే సంచులన్నీ ఖాళీ!

"మా వాలంటీర్ల పెద్ద హుల్డా గారు ముందే అన్నారన్నయ్యా, 'నీకెందుకమ్మా పురుగులు, టమాటాలు వేసుకో' అని. రేపు ఉత్త చేతుల్తో వెళ్తే ఇంక జన్మలో నాకు పురుగులివ్వరు."

"నేనుండగా భయమేంటి? ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. అద్దంలో చూసిందంతా నేరస్థుల్నే."

"వాళ్ళు రెండో క్లాసు పిల్లలు."

"చూపులు మాత్రం ముదురువి." ఆర్విడ్ భూతద్దంతో సంచుల్ని పరీక్షించాడు. "తాళ్ళు వదులుగా ఉన్నాయి. చేయి తిరిగినవాడి పనే!"

"నిన్న పక్కింటి నుంచి హుల్డా గారే తనిఖీకొచ్చి విప్పారు."

"ఆవిణ్ణి అనుమానితుల జాబితాలోంచి కొట్టేశాను."

"ఎందుకూ?"

"చీజ్‌కేక్ బాగా చేస్తుంది."

తర్వాత తొట్టి పక్కనున్న కప్పను నిలదీశాడు. మూడు ప్రశ్నలడిగాడు. కప్ప నోరు మెదపలేదు.

"చూశావా, లాయరు బాగా తర్ఫీదిచ్చాడు."

అంతలో కప్ప గెంతింది. "ఆగరా!" అంటూ ఆర్విడ్ కూడా గెంతాడు. కప్ప కంచె కిందనుంచి దూరింది. అతను కంచెలోంచి దూరాడు. రెండు చెక్కలు విరిగాయి. అవతల హుల్డా గారి షెడ్డు వెనక ఏపుగా పెరిగిన ఊదాపూల పొదలో బోర్లా పడ్డాడు.

లేచేసరికి ఒళ్ళంతా పెంకుపురుగులు. పొద ఆకులన్నీ జల్లెడ కళ్ళు. ఎదురుగా నీళ్ళ డబ్బాతో హుల్డా గారు.

"పూలు భలే ఉన్నాయండీ!" అన్నాడు ఆర్విడ్ మర్యాదగా.

కంచె సందులోంచి తల దూర్చిన థోరా ఆ పొదను గుర్తుపట్టింది. పురుగుల పెంపకానికి తప్ప ఆ మొక్కను పెరట్లో పెంచడం చట్టరీత్యా నేరం. ఆ చట్టాన్ని ఊరందరికీ అప్పజెప్పింది హుల్డా గారే.

"మా అత్తగారి కుండీలో మొక్క కూడా పీకించారు కదండీ?"

"పీకించాను."

"ఆవిడ ఏడుస్తున్నా సరే."

"ఏడుస్తున్నా సరే." హుల్డా గారు నీళ్ళ డబ్బా కింద పెట్టారు. "ఇది మా అమ్మ నాటింది, థోరా. చేతులు రాలేదు." పొద వైపు తిరిగి, "నిన్న సంచుల తాళ్ళు నేనే సరిగ్గా బిగించలేదు. సాయంత్రానికల్లా నీ పురుగుల్ని దులిపి, లెక్కపెట్టి ఇస్తాను తల్లీ. వచ్చే ఏడు ఇరవై కుండీలు నీకే," అన్నారు.

"మరి ఈ పొద?"

హుల్డా గారు పురుగులు నములుతున్న ఆకుల్ని చూశారు. "నావల్ల కానిది అవి చేస్తున్నాయిగా. ఓ గుప్పెడు ఇక్కడే ఉంచేయ్."

థోరా తలూపింది. ఆర్విడ్ చెవిలోంచి ఒక పురుగును తీసి, చెల్లెలి చేతిలో పెట్టి, గంభీరంగా నోటుబుక్కు మూశాడు.

"కిడ్నాప్ కాదు చెల్లెమ్మా, లేచిపోయాయి. అన్నీ మేజర్లే. కేసు నిలబడదు."