కొలను నిండా ‘అలాగే సార్’

ఆ శుక్రవారం పొద్దున నీళ్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఈతకొలనులో నీళ్లన్నీ వదిలేసి, అడుగున పాచి గీకి, సాయంత్రానికి మళ్లీ నింపాలి. ఆదివారం క్రీడా పాఠశాల నుంచి కోచ్ వస్తుంది. ఆ కొలనులోనే పిల్లల ఈత చూసి, నచ్చినవాళ్లకు బడిలో సీటు ఇస్తుంది. నీళ్లాయన కూతురు ఆ కొలనులోనే పెరిగింది. చదువులో దాని సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఈతలో దాని సంగతి కొలనుకు తెలుసు. ఈ సీటు తప్పిపోతే వాళ్లమ్మలాగే అదీ ఈ ఫ్యాక్టరీలో డబ్బాలకు కాగితాలు అంటిస్తూ కూర్చోవాలి.

జెల్లీ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ అది. కొలను ఆ ఫ్యాక్టరీ క్లబ్బుది. దానికి కాపలా, మోటారు, చీపురు అన్నీ ఇతనే కాబట్టి అందరూ నీళ్లాయన అంటారు. అసలు పేరు అతనికే అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది.

పాచి గీకుతుంటే ఫ్యాక్టరీ యజమాని పెద్దసారు, ఆయన వెనకే మేనేజరు వచ్చారు. పెద్దసారు ఖాళీ కొలనును చూశాడు. అదే కొంప ముంచింది. మర్నాడు ఫ్యాక్టరీ వార్షికోత్సవం. ఏటా ఆయనకు ఒక వింత కావాలి. మొన్నటేడు గేటు ముందు బిస్కెట్లతో స్వాగత ద్వారం కట్టించాడు. వానొచ్చి అది ముఖ్య అతిథి నెత్తిన ముద్దగా పడింది. నిరుడు అట్టపెట్టెలతో పడవ చేయించి గుమస్తాలను ఎక్కించాడు. ఎవరికి ఈత వచ్చో, ఎవరికి రాదో ఆ రోజు తేలిపోయింది.

"ఇదంతా జెల్లీతో నింపితే ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు పెద్దసారు.

"అలాగే సార్," అన్నాడు మేనేజరు.

ఆ ఫ్యాక్టరీ పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. అక్కడ పైవాడికి ఎవడూ కాదని చెప్పడు. అలాగే అని, ఆ పని కిందివాడికి చెప్పి, వాడు కాదంటాడని ఆశపడతాడు. ఆ కిందివాడికీ ఒక కిందివాడు ఉంటాడు. పిల్లి మెడలో గంట కట్టే పని అలా మెట్లు దిగిపోతూనే ఉంటుంది. వీళ్లకు నోళ్లు లేవా అంటే ఉన్నాయి. క్యాంటీన్‌లో టీ చల్లారిన రోజున వినాలి ఆ నోళ్లను.

అంత పొడి ఎక్కడ తెమ్మంటారని స్టోరు గుమస్తా తిరగబడతాడని మేనేజరు ఆశ. గుమస్తా దగ్గరేమో గడువు దాటిన బస్తాలు గుట్టలుగా పడున్నాయి. వాటిని ఏ గంగలో కలపాలా అని చూస్తున్నవాడికి ఈతకొలను దొరికింది. అలాగే సార్ అన్నాడు. ఎలాగూ బాయిలరు దగ్గర ఆగిపోతుందిలే అనుకున్నాడు. బాయిలరు చూసేది నీళ్లాయన బావమరిది. కొలను బావది కదా, బావే ఒప్పుకోడులే అని అతనూ అలాగే అన్నాడు, గొట్టం కూడా తగిలించేశాడు.

ఇక మెట్లు అయిపోయాయి. నీళ్లాయన కింద కొలను అడుగు తప్ప ఎవరూ లేరు. మేనేజరు వచ్చి చెప్పగానే అతను నీళ్లు నమిలాడు. ఆదివారం పిల్లల పరీక్ష ఉందని గొణిగాడు. శనివారం సాయంత్రమే ఖాళీ చేయించేద్దాంలే అన్నాడు మేనేజరు. బాయిలరు ఇవాళ పని చెయ్యదని బావమరిది చెప్పే ఉంటాడన్న ధైర్యంతో నీళ్లాయన అలాగే సార్ అనేశాడు. అని వెనక్కి తిరిగేసరికి గొట్టంలోంచి పొగలు కక్కుతూ వేణ్ణీళ్లు దూకుతున్నాయి.

"ఏరా, నువ్వు కుదరదనలేదా?"

"నువ్వంటావనుకున్నా బావా."

"నేను నువ్వంటావనుకున్నానురా."

"మరి ఇప్పుడెవరంటారు?"

నీళ్లాయన చీపురు గోడకు ఆనించి ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో సంగతి చెబితే భార్య పని ఆపకుండానే విన్నది. "మొన్న నేను కుక్కరు కొందామంటే ఎంత చక్కగా వద్దన్నావయ్యా. ఆ నోరు కాస్త ఫ్యాక్టరీకి తీసుకెళ్లకపోయావా?" అంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మాత్రం అనలేదు. ఆ మాటకు ఓపిక దండగ అన్నట్టు చూసింది.

"నాన్నా, ఆదివారం పూల్‌లో నీళ్లుంటాయా?" అని కూతురు అడిగింది.

"అలాగేనమ్మా," అన్నాడు నీళ్లాయన. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

శనివారం జెల్లీ గట్టిపడలేదు. ఎండకు ఎర్రటి పాకంలా తళతళలాడుతూ కూర్చుంది. మంచుదిమ్మలు తెప్పించమన్నాడు పెద్దసారు. అలాగే అన్నారు. మంచు కరిగి జెల్లీ ఇంకా పలచబడింది. పలచబడిందని ఇంకో విడత బస్తాలు దిమ్మరించారు. అతిథుల కంటే ముందు చీమలు వచ్చాయి, క్రమశిక్షణతో, వరుసల్లో. సాయంత్రానికి పైన మీగడలా పొర కట్టింది, కిందంతా ఊబి.

పెద్దసారు ఉపన్యాసం ముగించి, జెల్లీలో మొదట తనే ఈదుతానని నిక్కరుతో మెట్టు మీద నిలబడి జనంకేసి చూశాడు. చాలాసేపే చూశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగాడు. ఛాతీ దాకా కూరుకుపోయి అక్కడే ఆగిపోయాడు. తాడు వేసి లాగితే, ఆయన బయటికి రావడానికి ముందు మేనేజరు లోపలికి వెళ్లాడు. ఇద్దర్నీ ఎలాగో గట్టెక్కించాక నీళ్లాయన అడుగున తూము తెరిచాడు. ఎర్రముద్ద ఒకటి వచ్చి తూములో బిగుసుకుపోయింది. జెల్లీ సరిగ్గా గట్టిపడింది అక్కడొక్కచోటే.

ఆదివారం కోచ్ వచ్చింది. పిల్లలు భుజాన తువ్వాళ్లతో గట్టున నిలబడ్డారు. ఇదేమిటని ఆమె అడిగితే పిల్లలు నీళ్లాయన వైపు, నీళ్లాయన మేనేజరు వైపు చూశారు. ఇంతలో ఫొటోలు తీసేవాణ్ణి వెంటేసుకుని పెద్దసారు వచ్చాడు. చెవిలో ఇంకా ఎరుపు పోలేదు.

"పోనీ, మన నీళ్లాయన కూతుర్ని ఇందులోనే ఈదమందాం. ఆ ఫొటో డబ్బాల మీద వేద్దాం. ఏమంటావ్?"

"అలాగే సార్," అని మేనేజరు నీళ్లాయన వైపు తిరిగాడు.

నీళ్లాయన అలవాటు కొద్దీ తన కింద ఇంకెవరున్నారా అని చూశాడు. ఈసారి ఉన్నారు. కూతురు తువ్వాలు తీసి పక్కన పెట్టి, బొటనవేలు జెల్లీకి ఆనించి, తండ్రి మొహంలోకి చూస్తోంది. అలాగే నాన్నా అనడానికి నోరు తెరవబోతోంది.

"కుదరదు సార్," అన్నాడు నీళ్లాయన.

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. బావమరిది కళ్లు మూసుకున్నాడు. పెద్దసారు మెల్లగా గట్టున కూలబడ్డాడు.

"అలాగే," అన్నాడు. "ఈ ముక్క శుక్రవారమే అంటే నీ సొమ్మేం పోయిందయ్యా? నేను ఊరికే అడిగాను. మీరందరూ అలాగే అలాగే అంటుంటే నేను వెనక్కెలా తగ్గను? నిన్న ఆ మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డానో చూశావుగా, ఒక్కడైనా వద్దంటాడేమోనని. ఆ బిస్కెట్లప్పుడూ ఇంతే."

నీళ్లాయనకు కోపం రావాల్సిందే. ఓపిక లేక రాలేదు.

వచ్చే ఆదివారం పిల్లలను తమ బడికే తీసుకురమ్మంది కోచ్, అక్కడి కొలనులో నీళ్లే ఉంటాయంది. కూతురు బొటనవేలు తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకుంది. నీళ్లాయన పార అందుకుని తూము వైపు నడిచాడు.

పెద్దసారు లేచి, పంట్లాం దులుపుకుని, అందరినీ దగ్గరికి పిలిచాడు.

"చూడండి, ఇక మీదట నేను పిచ్చిపని ఏది చెప్పినా మొహం మీదే కాదనాలి. అందరూ. తెలిసిందా?"

"అలాగే సార్," అన్నారు అందరూ.