ఎర్ర క్లిప్పు కుర్చీ

“ఎర్ర సిప్పు ఎవరికి పోయమంటారు సార్?”

“సిప్పు కాదయ్యా, క్లిప్పు,” అంటూ మేనేజరు బట్టలారేసే ఎర్ర క్లిప్పుల డబ్బాను పొద్దున్నే పనివాళ్ళందరి ముందూ గలగలలాడించాడు.

సెలవుల వారంలో ఆ బారులో పదకొండింటికే కుర్చీలు దొరకవు. అందుకని మేనేజరు బుర్ర బద్దలుకొట్టుకుని ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎవరైనా మోతాదు దాటితే వాళ్ళ కుర్చీ వెనక కాలికి క్లిప్పు పెట్టాలి. కూర్చున్నవాడికి కనపడదు, పరువు పోదు. వడ్డించేవాడికి కనపడుతుంది, మందు ఆగిపోతుంది. ఆ మీదట మంచినీళ్ళివ్వడం, బండి తాళం తీసుకోవడం, టాక్సీ ఎక్కించడం.

“బతిమాలతారు, బెదిరిస్తారు, నాకు చుట్టమంటారు. నా సొంత మామగారైనా సరే, క్లిప్పుంటే టాక్సీయే,” అని ముగించాడు. కౌంటరులో మందు పోసేవాణ్ణి అందరూ కొలతయ్య అంటారు. చుక్క ఎక్కువ పోయడు, చుక్క తక్కువ పోయడు. ఈ మాటను కూడా అలాగే కొలిచి బుర్రలో పోసుకున్నాడు.

నిజానికి ఆ రోజు మామగారు వస్తున్నారు. ముప్పై ఏళ్ళు చుక్క ముట్టకుండా, బండికి గీత పడకుండా బస్సు నడిపి రిటైరైన మనిషి. అల్లుడేం చేస్తాడని ఎవరడిగినా నాలుగేళ్ళుగా “హోటల్లో...” అని నసుగుతున్నారు. ఆ నసుగుడు ఇవాళ్టితో పోవాలని మేనేజరు ఆశ. “మా దగ్గర పోయడం కన్నా ఆపడమే పెద్ద పని, ఒక్కసారి వచ్చి చూడండి మామయ్యగారూ,” అని బతిమాలి పిలిచాడు.

ఒంటిగంటకి మామగారు స్కూటరు దిగారు. హాలంతా కిటకిట. కిటికీ దగ్గర అయిదు పెగ్గులు పుచ్చుకున్న మీసాలాయన అప్పుడే పుట్టినరోజు గుంపులోకి మారి ఇంకో కుర్చీలో కూలబడ్డాడు. ఆయన వదిలిన కుర్చీని మేనేజరు స్వయంగా లాగి, రుమాలుతో తుడిచి మరీ మామగారిని కూర్చోబెట్టాడు. తుడిచింది పైన, క్లిప్పుంది కింద. అంతలో గేటు దగ్గరున్నానని భార్య ఫోను చేస్తే అటు పరిగెత్తాడు.

క్లచ్చు తొక్కి తొక్కి మామగారికి ఎడమ మోకాలు అరిగింది. చేతులు కడుక్కోవడానికి తూలుతూ వెళ్ళి, తూలుతూ వచ్చారు. కొలతయ్య నడక చూశాడు, కుర్చీ కాలు చూశాడు.

“ఒక నిమ్మ సోడా ఇవ్వు బాబూ.”

“ఇక చాలు సార్. మంచినీళ్ళు తాగండి.”

“ఇంకా మొదలే పెట్టలేదు కదయ్యా.”

“అందరూ అదే అంటారు సార్. బండి తాళం ఇటివ్వండి.”

“తాళమా? నేను జన్మలో చుక్క ముట్టలేదు.”

“అదీ అంటారు.”

“ఇదిగో, నేను మీ మేనేజరుకి పిల్లనిచ్చిన మామని.”

కొలతయ్య జాలిగా చూశాడు. “మామనంటారని కూడా పొద్దున్నే చెప్పారు సార్.”

మేనేజరు భార్యతో లోపలికి వస్తుంటే మామగారు బయటికి వస్తున్నారు. చెరో రెక్కా ఇద్దరు పట్టుకున్నారు, చేతిలో నీళ్ళ సీసా, ఎదురుగా తలుపు తెరిచిన టాక్సీ. హాలంతా మెడలు సాచి చూస్తోంది.

“పెద్దాయన పొద్దున్నే గట్టిగా పట్టించినట్టున్నాడు,” అన్నారెవరో.

“నాన్నా...” అని కూతురు అక్కడే ఆగిపోయింది. అదే క్షణాన, క్లిప్పులేని కుర్చీలో ఏడో పెగ్గు అందుకున్న మీసాలాయన టేబులు గుడ్డతో సహా నేలకు దిగాడు.

మేనేజరుకి అంతా అర్థమైంది. కొలతయ్యను తిట్టడానికి నోరు తెరిచి, తన మాటే గుర్తొచ్చి మూసుకున్నాడు. పుట్టినరోజు పాటలకి పెట్టిన మైకు తీసుకున్నాడు.

“వీరు మా మామగారు. చుక్క ముట్టరు. ఆ క్లిప్పు వేరేవాళ్ళది. చూసుకోకుండా కుర్చీ మార్చింది నేను. మావాడు నేను చెప్పినట్టే చేశాడు. తప్పు నాది.”

చెవులు ఎర్రబడ్డాయి, క్లిప్పుకేమీ తీసిపోకుండా. తల మాత్రం లేవలేదు.

మామగారు తాళం తిరిగి పుచ్చుకుని, కుంటుకుంటూ వెళ్ళి కుర్చీ కాలి క్లిప్పు ఊడదీశారు. తెచ్చి అల్లుడి కాలరుకి పెట్టారు.

“కుర్చీ తాగదు బాబూ. పెడితే మనిషికి పెట్టాలి.” తరవాత కొలతయ్య వైపు తిరిగారు. “ముప్పై ఏళ్ళలో నా తాళం అడిగిన మొదటి మగాడివి. నీలాంటివాళ్ళున్నారంటే మా అల్లుడు బారులో చేస్తాడనే చెప్పుకుంటాను. ఇప్పుడైనా సోడా ఇస్తావా?”

కొలతయ్య ఆయనకి సోడా ఇచ్చాడు. ఆ తరవాత మేనేజరు కాలరు వంక చూసి, అతని ముందు గ్లాసుడు మంచినీళ్ళు పెట్టి, బండి తాళం కోసం చెయ్యి చాపాడు.