మూడో పార్టీ ముచ్చట

ఆ శనివారం పొద్దున ఎల్వుడ్ స్ట్రౌట్ పెట్టుకున్న పని ఒక్కటే, గడ్డి కోసే మిషను బ్లేడుకి పదును పెట్టించుకు రావడం. భార్య నోరీన్ ఎప్పటినుంచో చెబుతోంది. బ్లేడు బండిలో వేసుకుని బయలుదేరినవాడు దారిలో బెర్నిస్ హోటల్ దగ్గర ఆగాడు. అక్కడ కాఫీ తాగకుండా ముందుకు పోయిన మగవాడు మా టేబర్ హాలో ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

కౌంటరు దగ్గర డ్వేన్ కిటిల్, ఆర్లో పెల్కీ గుడ్లూ బంగాళాదుంప వేపుడూ తింటూ అలవాటు ప్రకారం తిట్టుకుంటున్నారు. డ్వేన్ నోరీన్‌కి తమ్ముడు, రిపబ్లికన్. ఆర్లో ఎల్వుడ్‌కి చిన్నప్పటినుంచీ చేపలవేటలో తోడు, డెమోక్రాట్. నవంబరులో ఊరి రోడ్ల అధికారి పదవికి వాళ్ళిద్దరూ పోటీ పడుతున్నారు. దేశానికి అధ్యక్షుడు ఎవరైనా మాకు ఫరవాలేదు గానీ, రోడ్ల అధికారి ఎవరన్నది మాత్రం ప్రాణం మీది సంగతి. ఊరికి మంచు తీసే బండి ఒక్కటే ఉంది. పొద్దున్నే అది కొండ రోడ్డు ఎక్కుతుందా, వాగు రోడ్డు పడుతుందా అన్నది ఆయన చేతిలో ఉంటుంది. డ్వేన్‌దీ ఎల్వుడ్‌దీ కొండ రోడ్డు. ఆర్లోది వాగు రోడ్డు. సిద్ధాంతాలన్నీ ఆ తరువాతే.

"మీరిద్దరూ ఒకే తాను ముక్కలు," అన్నాడు ఎల్వుడ్ కూర్చుంటూ. "అంగడికెళ్తే అటుకుల డబ్బాలు వంద రకాలు. ఓటెయ్యబోతే మాత్రం రెండే డబ్బాలు. మూడోది ఉంటే మీ మొహాలు ఎవడు చూస్తాడు?"

"అయితే నువ్వే నిలబడరాదూ?" అంది బెర్నిస్ కాఫీ పోస్తూ. "ఇరవై ఏళ్ళుగా ఇదే పాట. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి."

"జనం సంతకాలు పెడితే నిలబడనా ఏం?"

మాటకి మాటగా అన్నదే తప్ప ఎల్వుడ్‌కి ఆ ఉద్దేశమే లేదు. కానీ డ్వేన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. చేపలు పట్టేవాళ్ళంతా ఆర్లో మనుషులు, ఎల్వుడ్ నిలబడితే ఆ ఓట్లు చీలతాయి అనుకున్నాడు. డ్వేన్ చుట్టాలంతా ఎల్వుడ్‌కీ చుట్టాలే, ఆ ఓట్లు చీలతాయి అని ఆర్లో అనుకున్నాడు. ఇద్దరి మొహాలూ ఒకేసారి వెలిగాయి.

"బావా, నీలాంటివాడే రావాలి. సంతకాల సంగతి నాకొదిలెయ్," అన్నాడు డ్వేన్.

"నువ్వెవడివిరా వాడికి సంతకాలు తేవడానికి? వాడు నా దోస్తు. నేను తెస్తా," అన్నాడు ఆర్లో.

వారం తిరక్కుండా కావలసినదానికి రెండింతలు సంతకాలు వచ్చిపడ్డాయి. ఊరు తనని ఇంతగా ప్రేమిస్తోందని ఎల్వుడ్‌కి అన్నాళ్ళూ తెలియదు పాపం.

"బ్లేడేదీ?" అంది నోరీన్.

"ప్రజలు పిలుస్తున్నారు, నోరీన్."

"ముందు గడ్డి పిలుస్తోంది. అయినా మా తమ్ముడి మీదే నిలబడతావా?"

"వాడే బతిమాలాడు."

"వాడు బతిమాలాడంటే నీకు అనుమానం రాలేదూ?"

రాలేదు. పార్టీకి పేరు పెట్టక తప్పదంటే 'రెండూ కాని పార్టీ' అని పెట్టాడు. వాగు రోడ్డు పొడుగునా ఇళ్ళ ముందు అతని పేరుతో బోర్డులు మొలిచాయి. అవి డ్వేన్ పాతించినవి. కొండ రోడ్డు మీద మొలిచినవి ఆర్లో పాతించినవి. ఎల్వుడ్ రెండు రోడ్లమీదా నెమ్మదిగా బండి నడుపుతూ వాటిని చూసుకుని మురిసిపోయేవాడు.

సెప్టెంబరులో అగ్నిమాపక కేంద్రంలో పాన్‌కేకుల విందు జరిగింది. ఏ పార్టీవాడైనా ఆ విందులో నాలుగు మాటలు మాట్లాడాల్సిందే. ఎల్వుడ్ లేవగానే వెనకనుంచి ఒకావిడ అడిగింది.

"మంచు పడితే బండి ముందు ఏ రోడ్డుకి పోతుందయ్యా?"

రెండూ కాదు అనడమే తప్ప, మరేది అన్నది ఎల్వుడ్ ఏనాడూ ఆలోచించలేదు.

"రెండింటికీ ముందే," అన్నాడు.

"ఉన్నది ఒక్క బండే కదా?"

"చూశారా! ఈ రెండు పార్టీలూ ఇన్నేళ్ళూ మన బుర్రల్లోకి ఎక్కించింది ఆ మాటే!"

హాలు చప్పట్లతో మారుమోగింది. మాకెవరికీ ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదంటే అందులో చాలా లోతు ఉందనే కదా.

ఆ చప్పట్లకి డ్వేన్‌కీ ఆర్లోకీ గుండెలు జారాయి. అన్నాళ్ళూ పొగిడిన నోటితో తిట్టలేరు. అందుకని ఇల్లిల్లూ తిరిగారు. "మా బావ బంగారం. కానీ ఆయనకేస్తే ఆర్లోని చేతులారా గెలిపించినట్టే," అని డ్వేన్. "ఎల్వుడ్ నా ప్రాణం. కానీ వాడికేస్తే డ్వేన్‌కి వేసినట్టే," అని ఆర్లో. మేము ఇద్దరికీ తలలూపాం. ఎల్వుడ్ కనిపిస్తే మాత్రం, "మా మనసంతా నీదే," అనేవాళ్ళం. అది నిజమే. మనసు గురించి మేమెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

పోలింగు ముందురోజు ఆర్లో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒరేయ్, నువ్వు గెలిస్తే సంతోషిస్తా. కానీ నీ వల్ల డ్వేన్ గెలిచాడో, ఇక జన్మలో నీతో పడవెక్కను."

ఎల్వుడ్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆర్లో లేకపోతే ఆయనకి చేపలూ లేవు, చెరువూ లేదు.

మర్నాడు ఓటు కాగితం మీద తన పేరు అచ్చులో చూసుకుని పొంగిపోయాడు. పెన్ను తీశాడు. అప్పుడే కిటికీ బయట సన్నగా మంచు మొదలైంది. ఒకవేళ తను గెలవకపోతే? ఆర్లో గెలిస్తే? కొండ రోడ్డు తెరిచేసరికి మధ్యాహ్నం అవుతుంది, పొద్దుటి కాఫీ గోవిందా. ఊరంతా తనకే వేస్తోంది కదా, తన ఒక్క ఓటు లేకపోతే కొంపేం మునగదు. అటూ ఇటూ చూసి, ఇరవై ఏళ్ళుగా తిడుతున్న బావమరిది పేరు పక్కన గడి నల్లగా నింపేసి, దొంగచాటుగా పాలు తాగిన పిల్లిలా బయటికొచ్చాడు.

సాయంత్రం టౌన్ క్లర్కు ఫలితం చదివింది. డ్వేన్ కిటిల్ ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచాడు.

ఆర్లో ఒక్క ఉదుటున లేచాడు. "నా ఓట్లు చీల్చేశావు కదరా పాపిష్టివాడా!"

"ప్రజలు కోరుకున్నారు ఆర్లో, నేనేం చెయ్యను?" అన్నాడు ఎల్వుడ్, బాధపడుతూనే కాస్త ఛాతీ విరుచుకుని.

"ఇంకా చదవడం అవలేదు," అంది క్లర్కు. "ఎల్వుడ్ స్ట్రౌట్, రెండూ కాని పార్టీ..." కాగితం తిప్పి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "సున్నా."

నోరీన్ మెల్లగా భర్త వైపు తిరిగింది. "నువ్వు కూడా వేసుకోలేదా?"

"నువ్వు వేస్తావుగా అని..."

"వాడు తమ్ముడాయె. పరువుకి నీ ఓటు ఒకటి చాల్లే అనుకున్నా."

ఆర్లో దగ్గరికొచ్చాడు. "మరి ఎవరికేశావురా?"

ఎల్వుడ్ పైకప్పు వైపు చూశాడు. డ్వేన్ మాత్రం పరుగెత్తుకొచ్చి, "బావా!" అని వాటేసుకున్నాడు.

"నాకు వెయ్యలేదు సరే, నీకు నువ్వే వేసుకోలేదు. నిన్నింక కొత్తగా ఏమని తిట్టనురా?" అని ఆర్లో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అందరూ నవ్వుతుంటే ఎల్వుడ్‌కి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

జనవరిలో పెద్ద మంచు పడ్డ రోజు బండి ముందు కొండ రోడ్డుకే వెళ్ళింది. ఎల్వుడ్ అందరికంటే ముందు హోటలు చేరి, పక్క స్టూలు మీద టోపీ పెట్టి ఎవరినీ కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నానికి వాగు రోడ్డు తెరిచాక ఆర్లో మోకాళ్ళదాకా మంచుతో వచ్చాడు. ఆ టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. కాఫీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ఊరికి మూడో రోడ్డు కావాలిరా."

"నిలబడు, నా ఓటు నీకే," అన్నాడు ఎల్వుడ్.

హోటలంతా తలలూపింది. మూడో పార్టీ వద్దనేవాడు మా ఊళ్ళో ఈనాటికీ ఒక్కడూ లేడు, దానికి ఓటేసినవాడూ ఒక్కడూ లేడు.